అరచేతిలో పాట ఉన్నా... ఆర్కెస్ట్రా ముందే ఊరు

* గిటారు, డ్రమ్ముల హోరుకు పల్లెల్లో తగ్గని ఆదరణ
* ప్రేక్షకుడికీ పాటలో వాటా... అదే ప్రత్యక్ష ప్రదర్శన బలం
* ట్రాకులు, డీజేల పోటీతో వాద్య కళాకారులకు గడ్డుకాలం

విజయనగరం: అమ్మవారి పండుగ రాత్రి ఏ పల్లెకు వెళ్లినా ఇంచుమించు ఒకే దృశ్యం. గుడి ఎదుట ఖాళీ స్థలంలో వేదిక, దానికి రెండు వైపులా నిలువెత్తు సౌండ్ బాక్సులు. పొద్దు వాలకముందే పిల్లలు చాపలు, గోనెసంచులు పరిచి ముందు వరుసలో చోటు పట్టేస్తారు. అరుగులపై వృద్ధులు, మేడలపై మహిళలు, ట్రాక్టరు తొట్టెల్లో యువకులు సర్దుకుంటారు. వేదికపై ఒకరు గిటారు తీగలు సవరిస్తుంటారు. వెనుక కూర్చున్న మరొకరు డ్రమ్ములపై పుల్లలతో రెండు దెబ్బలు వేస్తారు. అంతే... ఈలలు మిన్నంటుతాయి. అప్పటికింకా పాట మొదలే కాదు.

ఆ రాత్రి వినిపించే పాటల్లో కొత్తవంటూ ఏవీ ఉండవు. అన్నీ సినిమా పాటలే. అక్కడ కూర్చున్న వారిలో చాలామంది జేబుల్లోని ఫోన్లలో అవే పాటలు అసలు గాయకుల గొంతుతో, స్టూడియో నాణ్యతతో ఉన్నాయి. వాటిని వినడానికి నేలపై కూర్చోనక్కర్లేదు, మంచులో తడవనక్కర్లేదు. అయినా జనం కదలరు. సినీ రంగంలో పేరు లేని గాయకుడు, పక్క మండలం నుంచి వచ్చిన గిటారు కళాకారుడు కలిసి వినిపించే అదే పాట కోసం గంటల తరబడి ఎదురుచూస్తారు.

దీనికి కారణం వెతికితే ఒక విషయం స్పష్టమవుతుంది. రికార్డులోని పాట ఎప్పుడో పూర్తయిపోయింది. వేదికపై పాట మాత్రం ప్రేక్షకుల కళ్లెదుటే తయారవుతుంది. అందులో వారి ఈలకు, చప్పట్లకు, వారు పంపిన చీటీకి కూడా వాటా ఉంటుంది. అయితే ఆ వాటా వాద్యకారులు వేదికపై ఉన్నంత వరకే. ఇప్పుడు ఆ వాద్యకారులే ఒక్కొక్కరుగా వేదిక దిగిపోతుండటం కలవరపరిచే అంశం.

రాక్ బ్యాండే... పేరు ఆర్కెస్ట్రా

ఆహ్వాన పత్రికల్లో 'సినీ సంగీత విభావరి' అని, పట్టణాల్లో 'మ్యూజికల్ నైట్' అని, పల్లెల్లో 'ఆర్కెస్ట్రా' అని ఈ ప్రదర్శనలకు పేర్లు. పాశ్చాత్య సంగీతంలో ఆర్కెస్ట్రా అంటే పదుల సంఖ్యలో వయొలిన్లు, వేణువులు, బాకాలు ఉండే పెద్ద బృందం. మన ఊళ్లలో ఆ పేరుతో పిలిచే బృందం మాత్రం రాక్ బ్యాండ్‌కే దగ్గరి చుట్టం. లీడ్ గిటారు, బేస్ గిటారు, కీబోర్డు, డ్రమ్ముల సెట్టు... ఈ నాలుగూ రాక్ బ్యాండ్‌లో కనిపించేవే. వీటికి తబలా, డోలక్, రిథం ప్యాడ్లు తోడై, ఇద్దరు ముగ్గురు గాయనీ గాయకులు, ఒక వ్యాఖ్యాత చేరితే ఊరి ఆర్కెస్ట్రా సిద్ధం. డ్రమ్ముల సెట్టును ఇక్కడ 'జాజ్' అని పిలవడం పరిపాటి. అమెరికాలో పుట్టిన ఒక సంగీత రీతి పేరు ఇక్కడ వాద్యం పేరుగా స్థిరపడిపోవడం విశేషం.

సొంత పాటలు లేకుండా ఇతరుల పాటలు వాయించే బృందానికి అంత విలువేమిటన్న ప్రశ్న కొందరు వేస్తుంటారు. ప్రపంచ ప్రసిద్ధి పొందిన రాక్ బృందం చరిత్రే దీనికి సమాధానం. ఇంగ్లాండ్‌లోని లివర్‌పూల్ రేవు పట్టణానికి చెందిన బీటిల్స్ కూడా తొలుత స్థానిక బృందమే. ఆ పట్టణంలోని కావెర్న్ అనే నేలమాళిగ క్లబ్బులో 1961 నుంచి 1963 వరకు వారు సుమారు 290 ప్రదర్శనలు ఇచ్చారు. సమీప కార్యాలయాల్లో పనిచేసే యువతీ యువకులు మధ్యాహ్న భోజన విరామంలో సైతం అక్కడికి వచ్చి వారి వాద్యం విని వెళ్లేవారు. అంతకుముందు 1960లో మొదలుకొని జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లోనూ రాత్రికి గంటల తరబడి వాయించారు. ఆ రోజుల్లో వారు వినిపించిన వాటిలో ఎక్కువ భాగం అమెరికా గాయకుల పాటలే. సొంత పాటతో వారి తొలి రికార్డు విడుదలైంది 1962 అక్టోబరులో. అప్పటికే లివర్‌పూల్ యువత వారిని తమ వారిగా చేసుకుంది. పాట ఎవరిదన్నది కాదు, తమ ముందు ఎలా వాయించారన్నదే ఆ శ్రోతలకు ముఖ్యమైంది. గుడి ఎదుట చాప పరుచుకున్న వారికీ అదే ముఖ్యం.

చెవికే కాదు... ఛాతీకీ వినిపిస్తుంది

ప్రత్యక్ష ప్రదర్శన ఆకర్షణలో కొంత భాగం కేవలం భౌతికమైనది. మనిషి చెవి సెకనుకు 20 నుంచి 20 వేల కంపనల వరకు ఉన్న శబ్దాలను వినగలదు. బేస్ గిటారులో అన్నింటికంటే లావైన తీగ మోగినప్పుడు గాలి సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. ఆ శబ్ద తరంగం పొడవు ఎనిమిది మీటర్ల పైమాటే. ఇంతటి మంద్ర స్వరాన్ని పలికించాలంటే పెద్ద స్పీకరు ఎంతో గాలిని కదిలించాలి. ఫోనులోని వేలి గోరంత స్పీకరుకు అది సాధ్యం కాదు. అందుకే ఫోనులో పాట వింటే గాయకుడి గొంతు, వేణువు స్పష్టంగా వినిపించినా, పాటను కింది నుంచి మోసే బేస్ గిటారు, పెద్ద డ్రమ్ము జాడ తెలియదు.

వేదిక ముందు అదే పాట వింటే కథ మారుతుంది. కాలి తొక్కుడుతో మోగే పెద్ద డ్రమ్ము దెబ్బ చెవికంటే ముందు ఛాతీకి తగిలినట్లు ఉంటుంది. కూర్చున్న నేల అదురుతుంది. పాట తెలియని పసిపిల్లలు కూడా ఆ దెబ్బకు తగ్గట్టు ఊగడం మొదలుపెట్టేది ఇందుకే. డప్పు మోతకు, జాతరలో తప్పెటగుళ్ల బృందం చిందుకు అలవాటుపడిన ఉత్తరాంధ్ర పల్లెకు ఈ అనుభవం కొత్తదేమీ కాదు. వాద్యం మారింది, దెబ్బ అదే.

సాంకేతిక పరికరాలు కూడా ఊరి బృందాలకు కలిసి వచ్చాయి. సినిమా పాటల రికార్డింగులో పది మంది తాళ వాద్యకారులు ఉంటే, అంతమందిని పల్లె వేదికపైకి తీసుకురావడం అసాధ్యం. జపాన్‌కు చెందిన రోలాండ్ సంస్థ 1985లో ఎనిమిది పలకలున్న ఆక్టోప్యాడ్‌ను విడుదల చేసింది. పుల్లతో ఒక్కో పలకను కొడితే ఒక్కో వాద్యం పలుకుతుంది. తొలినాళ్లలో దీన్ని శబ్దాలు నిల్వ ఉన్న మరో పరికరానికి కలపాల్సి వచ్చేది. తర్వాతి నమూనాల్లో ఆ శబ్దాలన్నీ అందులోనే ఇమిడిపోయాయి. దీంతో డోలక్, ఘటం, డప్పు, తాళాల వంటి పలు ధ్వనులను ఒకే కళాకారుడు వినిపించే వీలు కలిగింది. 'ప్యాడ్స్' వాయించే వ్యక్తి బృందంలో కీలకమయ్యాడు. అయితే పలకలో ఉన్నది శబ్దం మాత్రమే. ఏ క్షణాన ఏ పలకను ఎంత బలంగా కొట్టాలన్నది చేతికే తెలియాలి.

పాటల వరుసే అసలు కిటుకు

బాగా పేరున్న బృందానికి, అంతంత మాత్రం బృందానికి తేడా గాత్రంలో కంటే పాటల వరుసలో కనిపిస్తుంది. ప్రదర్శన గణపతి ప్రార్థనతో మొదలవుతుంది. తర్వాత అమ్మవారి పాటలు. ఆ సమయానికి పెద్దలు, మహిళలు భోజనాలు ముగించుకుని వచ్చి కూర్చుంటారు. వారి కోసం ఘంటసాల, సుశీల కాలం నాటి యుగళ గీతాలు. తొమ్మిది గంటలకు అటూ ఇటూగా వ్యాఖ్యాత చతురోక్తులు, మిమిక్రీ. అక్కడి నుంచి వేగం అందుకుంటుంది. యువకులు ఎదురుచూసే హుషారు పాటలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చివర్లో రెండు మూడు పాటల పల్లవులను కలిపి ఆగకుండా వాయించడం రివాజు.

ఈ క్రమం కాగితంపై రాసుకున్నదే అయినా వేదికపై తరచూ మారిపోతుంది. ముందు వరుసలో పిల్లలు నిద్రకు జోగుతుంటే నెమ్మది పాటను పక్కనపెట్టి హుషారు పాట అందుకుంటారు. వెనుక నిల్చున్న యువకుల మధ్య తోపులాట మొదలయ్యే సూచనలు కనిపిస్తే, అనుభవమున్న బృంద నాయకుడు వెంటనే భక్తి గీతానికి సైగ చేస్తాడు. అమ్మవారి పాట మొదలైన చోట గొడవ పడటానికి ఎవరూ సాహసించరు. జనాన్ని చూస్తూ పాటను ఎంచుకునే ఈ విద్య ఏ బడిలోనూ నేర్పరు. వందల రాత్రుల అనుభవంతో వచ్చేది.

పాట లోపల కూడా ఇలాంటి సర్దుబాట్లు ఎన్నో. గాయకుడి గొంతు ఆ రోజు బాగోలేకపోతే కీబోర్డు కళాకారుడు ఒక మీట నొక్కి శ్రుతిని అర మెట్టు దించుతాడు. గిటారు కళాకారుడు అందుకు తగ్గట్టు చేతివేళ్లను జరుపుకొంటాడు. చరణానికి ముందు వచ్చే వాద్య భాగానికి జనం ఊగిపోతుంటే, డ్రమ్ములు వాయించే వ్యక్తి తల ఊపుతాడు. మిగిలిన వారికి అర్థమవుతుంది. నాలుగు ఆవర్తాల సంగీతం ఎనిమిది అవుతుంది, ఎనిమిది పదహారవుతుంది. రికార్డులో అయిదు నిమిషాల పాట ఆ రాత్రి తొమ్మిది నిమిషాలు సాగుతుంది. ఆ అదనపు నాలుగు నిమిషాలు ఆ ఊరి సొంతం. మరే ఫోనులోనూ దొరకవు.

చీటీ వచ్చింది... పాట మారింది

ప్రేక్షకులకు పాటలో వాటా ఉందనడానికి బలమైన సాక్ష్యం చీటీలు. సిగరెట్ పెట్టె అట్టముక్కపైనో, పిల్లవాడి నోటు పుస్తకం కాగితంపైనో పాట పేరు రాసి, కింద ఊరి వీధి పేరో, యువజన సంఘం పేరో చేర్చి వేదికపైకి పంపుతారు. వ్యాఖ్యాత ఆ చీటీని మైకులో చదువుతాడు. కోరిన పాట వినిపించడం ఒక ఆనందమైతే, తమ వీధి పేరు నిలువెత్తు బాక్సుల్లో ఊరంతటికీ వినిపించడం మరో ఆనందం. హరికథ, బుర్రకథ రోజుల్లో చదివింపులు ఇచ్చిన వారి పేర్లను కథ మధ్యలో ఆపి చదివేవారు. ఆ ఆనవాయితీయే రూపు మార్చుకుని కొనసాగుతోంది.

'వన్స్‌మోర్' కేక కూడా అలాంటిదే. ఆంధ్రదేశంలో పద్య నాటకాలు ఓ వెలుగు వెలిగిన రోజుల్లో కృష్ణ పాత్రధారి రాగం తీసి పద్యం ముగించగానే జనం 'వన్స్‌మోర్' అని అరిచేవారు. రాయబారం మధ్యలో ఉన్నా సరే, నటుడు వెనక్కి వచ్చి అదే పద్యం మళ్లీ పాడేవాడు. కథ ఆగిపోయిందని బాధపడిన వారు లేరు. తాము అడిగితే కళాకారుడు కాదనలేదన్న తృప్తే వారికి ముఖ్యం. నేడు గిటారు ముందు నిల్చున్న యువకుడు అరిచే 'వన్స్‌మోర్' వెనుక ఉన్నదీ ఆ తాతల నాటి అధికారమే.

పొరపాటు జరగొచ్చన్న ఉత్కంఠ

స్టూడియోలో రికార్డయిన పాటలో తప్పు దొర్లదు. దొర్లినా సరిదిద్ది విడుదల చేస్తారు. వేదికపై ఆ వెసులుబాటు లేదు. తార స్థాయిలో ఆలాపన ఉన్న పాటను గాయకుడు ఎత్తుకోగానే తెలిసిన వారిలో ఉత్కంఠ మొదలవుతుంది. ఆ స్వరాన్ని అందుకుంటాడా, గొంతు జీరపోతుందా అని అందరి దృష్టీ అతనిపైనే. అందుకున్న మరుక్షణం పేలే చప్పట్లు పాటకు మాత్రమే కావు, గండం గట్టెక్కినందుకు కూడా. అందుకోలేకపోతే పక్కనున్న గాయని వెంటనే గొంతు కలిపి కాపాడుతుంది. దానికీ చప్పట్లే.

కరెంటు పోయిన సందర్భాల్లో ఈ బంధం మరింత స్పష్టమవుతుంది. జనరేటరు అందుకునే లోపు గిటారు, కీబోర్డు మూగబోతాయి. డోలక్‌కు మాత్రం కరెంటుతో పనిలేదు. ఆ చీకట్లో డోలక్ ఆగకుండా మోగుతుంటే జనమే పల్లవి అందుకుంటారు. దీపాలు వెలిగి బాక్సులు మళ్లీ గర్జించే సరికి పాట తెగకుండా నిలిచి ఉంటుంది. ఏళ్లు గడిచినా ఆ ఊళ్లో చెప్పుకునేది ఆ రాత్రి గురించే.

పగలు పని... రాత్రి పాట

ఈ బృందాల్లోని కళాకారుల్లో అత్యధికులకు సంగీతం ఒక్కటే జీవనాధారం కాదు. పగలు పాఠశాలలో పిల్లలకు పాఠాలు చెప్పేవారు, దర్జీ పనివారు, ఆటో నడిపేవారు, ఎలక్ట్రీషియన్లు రాత్రి వేదికపై గాయకులు, వాద్యకారులు అవుతారు. ఉదయం దుకాణంలో కొలతలు తీసిన వ్యక్తి రాత్రి మెరుపు కోటు వేసుకుని లీడ్ గిటారు వాయిస్తుంటే చూడటంలో ఉన్న ఆనందం, తెరపై నక్షత్రాన్ని చూసిన ఆనందం వంటిది కాదు. 'వాడు మనోడే' అన్న గర్వం అందులో ఉంది. పండుగకు పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలు, వలస వెళ్లి తిరిగొచ్చిన కుటుంబాలు ఏడాదికోసారి కలిసేదీ ఈ వేదిక ముందే. అందుకే ఆర్కెస్ట్రా రాత్రి సంగీత కార్యక్రమం మాత్రమే కాదు, ఊరు తనను తాను లెక్క చూసుకునే రాత్రి కూడా.

సంగీతానికి పుట్టినిల్లు

విజయనగరం ప్రాంతానికి ప్రత్యక్ష ప్రదర్శనతో ఉన్న అనుబంధం లోతైనది. ఇక్కడి సంగీత కళాశాల 1919లో ఏర్పాటైంది. తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. హరికథా పితామహుడిగా ఖ్యాతి గడించిన ఆయన కాలికి గజ్జెకట్టి ఒక్కరే పాడుతూ, ఆడుతూ, కథ చెబుతూ సభను కట్టిపడేసేవారు. ఘంటసాల వెంకటేశ్వరరావు ఈ కళాశాలలోనే సంగీతం అభ్యసించారు. వారాలు చేసుకుంటూ, మధూకరం ఎత్తుకుంటూ ఆయన చదువు సాగించిన సంగతి తెలిసిందే. విజయనగరంలో పుట్టిన పి.సుశీల కూడా ఇక్కడి విద్యార్థినే. వారి పాటలు నేటికీ ఆర్కెస్ట్రా వేదికలపై తొలి గంటను నడిపిస్తున్నాయి.

స్టేజీ బృందాల్లో తలపండి పెద్దవారైన వారి జాబితా కూడా చిన్నదేమీ కాదు. ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం సినీ రంగంలో నిలదొక్కుకోక ముందు మద్రాసులో ఒక లలిత సంగీత బృందానికి నాయకత్వం వహించారు. ఆ బృందంలో గిటారు, హార్మోనియం వాయించిన యువకుడే తర్వాతి కాలంలో సంగీత దర్శకుడిగా కొత్త శకాన్ని సృష్టించిన ఇళయరాజా. ఆయన సోదరులు భాస్కర్, గంగై అమరన్ కూడా అందులో వాద్యకారులే. ఎ.ఆర్.రెహమాన్ సైతం సినిమాల్లోకి రాకముందు చెన్నైలో రాక్ బ్యాండ్‌లో వాయించినవారే. బాలసుబ్రహ్మణ్యం 1996లో ప్రారంభమైన 'పాడుతా తీయగా' టీవీ కార్యక్రమం ద్వారా జిల్లాల్లోని ఎందరో యువ గాయకులను వెలుగులోకి తెచ్చారు. 2020 సెప్టెంబరు 25న ఆయన కన్నుమూశాక జరిగిన సంస్మరణ సభల్లో ఊరూరి ఆర్కెస్ట్రా గాయకులు తమ గురువును కోల్పోయినట్లు విలపించడం ఇందుకే.

ట్రాకు వచ్చె... వాద్యం పోయె

ఇంతటి ఆదరణ ఉన్నా బృందాల పరిస్థితి ఆశాజనకంగా లేదు. మొదటి దెబ్బ ట్రాకులది. పాట నుంచి గొంతును తొలగించి సంగీతాన్ని మాత్రమే ఉంచిన రికార్డును 'ట్రాకు' అంటారు. ఒక ల్యాప్‌టాప్, ఇద్దరు గాయకులు ఉంటే కార్యక్రమం నడిచిపోతుంది. గిటారు, డ్రమ్ములు, తబలా, ప్యాడ్లు వాయించే వారి పారితోషికం, భోజనం, వ్యాను బాడుగ మిగులుతాయి. ఉత్సవ కమిటీలకు ఇది లాభసాటిగా కనిపించడం సహజం.

పైకి చూస్తే వినిపించే శబ్దంలో పెద్ద తేడా ఉండదు. ఒక్కోసారి ట్రాకు శబ్దమే అసలు పాటకు దగ్గరగా ఉంటుంది. తేడా మరోచోట ఉంది. ట్రాకు ఎవరి కోసమూ ఆగదు. గాయకుడు ఊపిరి తీసుకోవడం ఆలస్యమైతే వేచి చూడదు. జనం ఊగిపోతున్నారని మరో నాలుగు ఆవర్తాలు వాయించదు. 'వన్స్‌మోర్' అంటే పాట మొత్తం మొదటి నుంచి తిరగాల్సిందే. చీటీలో రాసిన పాట ల్యాప్‌టాప్‌లో లేకపోతే అంతే సంగతులు. అంటే ప్రత్యక్ష ప్రదర్శనలో ప్రేక్షకుడికి ఉన్న వాటా ఏదైతే ఉందో, సరిగ్గా దానినే ట్రాకు కోసేస్తోంది. వాద్యకారులు లేని వేదిక ముందు జనం త్వరగా పలచబడటానికి కారణం తెలియక నిర్వాహకులు శబ్దం పెంచుతున్నారు. ఫలితం మాత్రం ఉండటం లేదు.

రెండో దెబ్బ డీజేలది. వాహనంపై బాక్సులు పేర్చి రికార్డు పాటలు మోగించే డీజేలు ఊరేగింపులను ఆక్రమించాయి. ఊరేగింపు బడ్జెట్‌లోకి డీజే వచ్చాక వేదికకు మిగిలేది తక్కువ. మూడో దెబ్బ కొవిడ్. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ప్రదర్శనలు నిలిచిపోయాయి. వేసవి అంటే ఈ కళాకారులకు పంట చేతికొచ్చే కాలం. ఆ ఏడాది, మళ్లీ 2021లో రెండో విడత వ్యాప్తి వల్ల ఆ పంట పోయింది. వాద్యాలు అమ్ముకుని వేరే పనులకు మళ్లిన వారిలో కొందరు తిరిగి వేదిక ఎక్కలేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సినిమా పాటకు ఊరి వేదికపై జాజ్, ప్యాడ్స్ వాయించడం నేర్పే పాఠశాలలు లేవు. సీనియర్ వెనుక కూర్చుని, తీగలు చుట్టి, బాక్సులు మోసి, ఒక రాత్రి అతనికి జ్వరం వస్తే ఆ స్థానంలో కూర్చుని నేర్చుకున్నవారే అంతా. సీనియర్లు వేదిక దిగిపోతే ఆ వెనుక కూర్చునే కుర్రవాడికి చోటు ఉండదు. ఒక తరం తెగితే తిరిగి అతికించడం సులభం కాదు.

పది గంటల నిబంధన

ఆర్కెస్ట్రా అంటే తెల్లవార్లూ సాగేదన్న రోజులు పోయాయి. కేంద్ర ప్రభుత్వం 2000లో తెచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాల్లో లౌడ్ స్పీకర్లు వాడరాదు. సుప్రీంకోర్టు 2005లో ఈ నిబంధనను సమర్థించింది. సాంస్కృతిక, మతపరమైన పండుగల సందర్భంగా ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 గంటల వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. నివాస ప్రాంతాల్లో శబ్ద పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు.

ఈ నిబంధనలు కళకు అడ్డంకి అన్న వాదన తరచూ వినిపిస్తుంది. పరీక్షలకు చదివే పిల్లలు, గుండె జబ్బు ఉన్న వృద్ధులు, పసికందులు ఉన్న ఇళ్లు కూడా ఊళ్లో భాగమేనన్నది మరువరాదు. శబ్దం ఎక్కువైతే ముందుగా నష్టపోయేది బాక్సుల పక్కనే కూర్చునే కళాకారుల, ముందు వరుసలోని పిల్లల చెవులే. వినోద వేదికల్లో శబ్దం 15 నిమిషాల సగటున 100 డెసిబెళ్లు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. మంచి బృందానికి అంతకు మించిన హోరు అవసరం కూడా లేదు. గాయకుడి మాట స్పష్టంగా, డ్రమ్ము దెబ్బ నిండుగా వినిపించడమే నైపుణ్యం. అది మిక్సర్ దగ్గర కూర్చున్న వ్యక్తి చేతిలో ఉంటుంది.

కమిటీలు తలచుకుంటే...

ఊరి సంగీతం నిలవాలంటే పెద్ద పథకాలేమీ అక్కర్లేదని, ఉత్సవ కమిటీలు కొన్ని చిన్న జాగ్రత్తలు తీసుకుంటే చాలని ఈ ప్రదర్శనల తీరు చూస్తే తెలుస్తుంది. బాణసంచాకు, డీజేకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించి బృందాన్ని పూర్తి వాద్యకారులతో పిలిపించవచ్చు. అందరినీ పిలిచే స్తోమత లేకపోతే కనీసం డ్రమ్ములు లేదా ప్యాడ్స్, డోలక్, కీబోర్డు ఉండేలా చూసుకోవాలి. తాళం చేతిలో ఉంటే జనంతో బంధం తెగదు. కార్యక్రమాన్ని సన్మానాలు, ప్రసంగాలతో ఆలస్యం చేయకుండా సాయంత్రం ఏడు గంటలకే మొదలుపెడితే పది లోపు మూడు గంటల నిండైన ప్రదర్శన దక్కుతుంది. బాక్సులను నేలపై పిల్లల చెవుల ఎదుట కాకుండా ఎత్తులో అమర్చాలి. ఒప్పుకున్న పారితోషికాన్ని ప్రదర్శన ముగిసిన రాత్రే చేతిలో పెట్టడం అన్నింటికంటే పెద్ద సాయం. ఊళ్లో వాద్యం నేర్చుకునే కుర్రవాడు ఎవరైనా ఉంటే ఒక్క పాటకు అతన్ని బృందంతో కలిసి కూర్చోనివ్వాలని కోరడానికి ఖర్చేమీ కాదు.

చివరి పాట అయిపోయాక జనం చాపలు దులుపుకుని ఇళ్ల దారి పడతారు. వేదికపై కళాకారులు గిటార్లు సంచుల్లో పెట్టి, వైర్లు చుట్టి, డ్రమ్ములు విప్పి వ్యానుకు ఎక్కిస్తారు. ఆ సమయంలో పదేళ్ల పిల్లవాడు ఒకడు ఇంటికి వెళ్లకుండా వేదిక మెట్ల దగ్గర నిలబడి ఉండటం దాదాపు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తుంది. ఒకసారి ఆ పుల్లలు పట్టుకోవచ్చా అని అడుగుతాడు. డ్రమ్ములు విప్పుతున్న వ్యక్తి నవ్వి పుల్లలు చేతికిస్తాడు. ఇంకా విప్పని చిన్న డ్రమ్ముపై రెండు దెబ్బలు పడతాయి. వచ్చే ఏడాది పండుగకు ఆ డ్రమ్ము మళ్లీ ఊరికి వస్తుందా, దాని స్థానంలో ల్యాప్‌టాప్ వస్తుందా అన్నది కమిటీ సమావేశంలో తేలుతుంది.